సమన్లు గుమ్మానికి అంటించి వెళ్లారు, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మాది తెనాలి. నా వయసు 34. 2015లో పెళ్లయింది, ఏడేళ్ల పాప ఉంది. మా వారు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అక్కడ పడలేక 2022 వేసవిలో పాపతో పుట్టింటికి వచ్చేశాను. ఇక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో నెలకు 14 వేల జీతానికి పాఠాలు చెబుతున్నాను. రెండు నెలల కిందట రిజిస్టర్డ్ కవరు వస్తే మా నాన్నగారు భయపడి తీసుకోకుండా తిప్పి పంపారు. పోయిన వారం కోర్టు మనిషి వచ్చి కాగితాలు గుమ్మానికి అంటించి వెళ్లాడు. క్రూరత్వం, విడిచి వెళ్లిపోవడం అనే కారణాలు చూపి మా వారు హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టులో విడాకులకు వేశారు. అందులో నా గురించి రాసినవి చదివి రెండు రోజులు అన్నం ముట్టలేదు. వచ్చే నెల 12న వాయిదా. 498ఏ వేధింపుల కేసు పెడితే వాళ్లే దారికొస్తారని అన్నయ్య అంటున్నాడు. పది లక్షలు తీసుకుని సంతకం పెట్టేయమని వాళ్ల తరఫు పెద్దమనుషులు కబురు చేస్తున్నారు. నా పాతిక కాసుల బంగారం అత్తగారి లాకర్లోనే ఉంది. నాకు విడాకులు ఇష్టం లేదు, అలాగని ఆ ఇంటికి వెళ్లాలనీ లేదు. కేసు ఎన్నాళ్లు నడుస్తుంది? పాపను తీసుకుపోతారా? ఇవన్నీ అందరి ముందూ నిలబడి చెప్పాలా?
ఒక సోదరి, తెనాలి

సమాధానం:

అమ్మా,

మీరు అడిగిన మూడు ప్రశ్నల కంటే, ప్రశ్న కాకుండా రాసిన ఒక వాక్యం దగ్గరే నేను ఎక్కువసేపు ఆగాను. విడాకులు ఇష్టం లేదు, ఆ ఇంటికి వెళ్లాలనీ లేదు అన్నారు. దాని సంగతి తర్వాత మాట్లాడుకుందాం. గడువు ఉన్నది గుమ్మానికి అంటించిన కాగితాలకు కనుక ముందు వాటి సంగతి చూడాలి.

కవరు తిప్పి పంపితే కేసు ఆగుతుందని మీ నాన్నగారు అనుకుని ఉంటారు. చాలా ఇళ్లలో జరిగేదే ఇది. తీసుకోవడానికి నిరాకరించారని పోస్ట్‌మాన్ కవరు మీద రాసి పంపితే, సమన్లు అందినట్టే లెక్క అని సివిల్ ప్రొసీజర్ కోడ్ చెబుతోంది. కోర్టు అమీనా వచ్చి గుమ్మానికి అంటించడం కూడా చట్టం ఒప్పుకున్న పద్ధతే. కాబట్టి 12వ తేదీన మీరు గానీ, మీ వకాల్తా తీసుకున్న న్యాయవాది గానీ అక్కడ లేకపోతే మిమ్మల్ని ఎక్స్‌పార్టీ చేయవచ్చు, అంటే మీరు లేకుండానే కేసు నడపవచ్చు. ఆ తర్వాత ఎదురు ప్రశ్న వేసేవారు ఎవరూ ఉండరు కనుక, ఆయన ఒక అఫిడవిట్ దాఖలు చేసి డిక్రీ తెచ్చుకోవడం కష్టమేమీ కాదు. అలాంటి డిక్రీని రద్దు చేయమని అడగడానికి ముప్ఫై రోజుల గడువు ఉంటుంది, రాలేకపోవడానికి నమ్మదగిన కారణమూ చూపాలి. ‘మా నాన్నగారు కవరు వద్దన్నారు’ అన్నది అక్కడ కారణంగా నిలబడదు. మీ జవాబు, అంటే కౌంటరు, దాఖలు చేయడానికి మామూలుగా 30 రోజులు, కారణం చూపితే 90 రోజుల వరకు సమయం ఉంటుంది. కాగితాలు అంటించిన రోజు నుంచి లెక్కేసినా అందులో వారం ఇప్పటికే గడిచిపోయింది.

కేసు హైదరాబాద్‌లో ఎందుకు వేశారన్న అనుమానం మీకు వచ్చే ఉంటుంది. భార్యాభర్తలు చివరిసారి కలిసి ఉన్న చోట పిటిషన్ వేయవచ్చు కనుక అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. రాష్ట్రం ఒకటిగా ఉన్న రోజుల్లో అయితే గుంటూరు జిల్లాకు మార్చమని హైకోర్టును అడిగితే సరిపోయేది. ఇప్పుడివి రెండు రాష్ట్రాలు, 2019 జనవరి 1 నుంచి రెండు హైకోర్టులు. తెలంగాణ కోర్టు నుంచి ఆంధ్రప్రదేశ్ కోర్టుకు ఒక కేసు మారాలంటే సుప్రీంకోర్టులో ట్రాన్స్‌ఫర్ పిటిషన్ వేయాలి. విడిపోయిన రాష్ట్రాల మధ్య పెళ్లి చేసుకున్నవారికి దక్కిన అదనపు ఖర్చు ఇది. చిన్న బిడ్డ, తక్కువ జీతం, దూర ప్రయాణం ఉన్న భార్యల అభ్యర్థనను సుప్రీంకోర్టు సాధారణంగా సానుభూతితోనే చూస్తుంది, కానీ అదీ ఖాయం కాదు. ఈ లోపు 12వ తేదీ హాజరు మాత్రం తప్పించుకోవద్దు. మనోవర్తి కేసు, గృహహింస చట్టం కింద వేసే కేసు మాత్రం మీరు ఉంటున్న చోటే వేసుకోవచ్చని గుర్తుంచుకోండి.

న్యాయవాది ఫీజు గురించి మీరు రాయలేదు గానీ 14 వేల జీతంతో ఆ బెంగ ఉండకుండా పోదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. 15100కు ఫోన్ చేసి అడగండి.

ఇక పిటిషన్‌లో మీ గురించి రాసిన మాటల దగ్గరకు వద్దాం. అవి చదివి మీరు అన్నం మానేశారంటే నాకు ఆశ్చర్యం లేదు. హిందూ వివాహ చట్టంలో ‘మాకు పొసగలేదు’ అన్నది విడాకులకు కారణం కాదు. ఇద్దరూ ఒప్పుకోనప్పుడు, 13వ సెక్షన్ చెప్పిన కారణాల్లో ఏదో ఒకటి రుజువు చేయాల్సిందే. అందుకని రోజువారీ గొడవలన్నిటినీ క్రూరత్వం అనే సంచిలో కూరి, ఉన్నదానికి రెండింతలు రాస్తారు. చదువుతుంటే అవి మీ భర్త మాటలే అనిపిస్తాయి, కానీ సగం మాటలు ఆయన న్యాయవాది కంప్యూటర్లో అంతకుముందే ఉన్నవి అయి ఉండవచ్చు. కోర్టు మీ పెళ్లి ఎలా నడిచిందో, ఇద్దరిలో ఎవరు మంచివారో తేల్చదు. ఆయన రాసిన ఆరోపణలు రుజువయ్యాయా లేదా, అయితే అవి చట్టం దృష్టిలో క్రూరత్వం అవుతాయా కావా అన్నంతవరకే చూస్తుంది. రుజువు చేసే భారం కూడా ఆయనదే.

మీరు కోపంతో తప్పటడుగు వేసే అవకాశం ఎక్కువగా ఉన్నది కౌంటరు రాసేటప్పుడే. ఆయన ఒకటి అన్నారు కనుక మనం నాలుగు అందామని ఇంట్లోవారు ఉసిగొల్పుతారు. పాత కౌంటరు ఒకటి తెరిచి పేర్లు మార్చి ఇచ్చే అలవాటు మా వృత్తిలోనూ లేకపోలేదు. ఆయనకు వేరే సంబంధం ఉందని, మామగారు చెయ్యి పట్టుకున్నారని, జరగనివి జరిగినట్టు రాస్తే, అప్పటిదాకా ఆయన రుజువు చేయలేకపోయిన క్రూరత్వాన్ని మీరే చేతికి అందించినట్టవుతుంది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో 2013లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ఆధారం లేని నీచమైన ఆరోపణలు ఫిర్యాదుల్లో గానీ కోర్టు కాగితాల్లో గానీ చేస్తే అదే మానసిక క్రూరత్వం అవుతుందని చెప్పి, ఆ భర్తకు విడాకులు మంజూరు చేసింది. అలాగని మౌనంగా ఉండిపోకూడదు. పిటిషన్‌లో కాదనకుండా వదిలేసిన మాటను ఒప్పుకున్నట్టుగా తీసుకునే వీలుంది. కాబట్టి ప్రతి పేరాకూ జవాబు ఉండాలి. నిజమైనది నిజమని, కానిది కాదని, జరిగినది తేదీతో, చూసినవారి పేరుతో రాయించండి. సంతకం పెట్టే ముందు కౌంటరును తెలుగులో మొత్తం చదివి వినిపించమని అడగండి. మీ న్యాయవాది విసుక్కున్నా సరే.

ఇప్పుడు మీ వాక్యం దగ్గరకు వస్తాను. విడిచి వెళ్లిపోవడం అనే కారణానికి, పిటిషన్ వేసేనాటికి వరుసగా రెండేళ్లు దూరంగా ఉండాలి. అది గడిచిపోయింది. కానీ దూరంగా ఉన్నంత మాత్రాన సరిపోదని, సరైన కారణం లేకుండా కాపురాన్ని శాశ్వతంగా తెంచుకునే ఉద్దేశంతో వెళ్లినట్టు తేలాలని సుప్రీంకోర్టు 1950ల నుంచీ చెబుతోంది. కనుక రేపు బోనులో నిలబడి ‘ఆ ఇంటికి వెళ్లను’ అని మాత్రమే అంటే మీ కేసు అక్కడే కుంగిపోతుంది. ఎందుకు వచ్చేశారో, తిరిగి వెళ్లడానికి ఏ భయం అడ్డమో, వేరే ఇల్లు తీసుకుంటే వెళ్తారో లేదో, ఈ మూడింటికీ మీకు మీరే ముందు జవాబు చెప్పుకోవాలి. ‘పడలేక’ అని ఒక్క మాటలో తేల్చేశారు. కోర్టుకు ఆ మాట వెనక ఉన్నదంతా కావాలి.

ఇంకో సంగతి కూడా నిష్కర్షగా చెప్పాలి. మీరు గెలిస్తే ఆయన పిటిషన్ కొట్టేస్తారు, అంతే. ఆయన తెనాలి వచ్చి మిమ్మల్ని తీసుకెళ్లరు. మీరు ఆయన భార్యగానే ఉంటారు, పోషణ అడిగే హక్కు ఉంటుంది, ఇద్దరిలో ఎవరికీ మరో పెళ్లి చేసుకునే వీలుండదు. ఆయన తెలంగాణ హైకోర్టుకు అప్పీలుకు వెళ్తారు. బంధం కోలుకోలేనంతగా చెడిపోయిందన్న ఒక్క కారణంతో విడాకులు ఇచ్చే అధికారం ఫ్యామిలీ కోర్టుకు లేదు. ఆ అధికారం సుప్రీంకోర్టుకు ఉందని అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం 2023 మేలో తేల్చింది. అయితే ఏళ్ల తరబడి ఎడబాటునే క్రూరత్వంగా భావించిన తీర్పులూ ఉన్నాయి. ఈ స్థితి మీకు నిజంగా కావాల్సిందైతే పోరాడండి, అందులో తప్పేమీ లేదు. నాకు తెలిసిన ఒకావిడ అలాగే పోరాడి గెలిచి, ఆ తీర్పు కాపీని బీరువాలో పెట్టుకుని, ఇప్పుడేం చేయాలండీ అని నన్నే అడిగారు. ఆ ప్రశ్న కౌంటరు రాసే ముందే వేసుకోవడం మేలు.

విచారణ ఎలా ఉంటుందో చెబుతాను. మొదటి కొన్ని వాయిదాలు కౌన్సెలింగుకో మీడియేషన్‌కో పంపుతారు. రాజీకి ప్రయత్నించడం ఫ్యామిలీ కోర్టు చట్టబద్ధమైన బాధ్యత. మీడియేటర్ ముందు మాట్లాడింది కేసులో సాక్ష్యం కాదు కనుక అక్కడ మనసు విప్పి మాట్లాడవచ్చు. అది ఫలించకపోతే ఆయన పి.డబ్ల్యు.1గా, అంటే పిటిషనర్ వైపు మొదటి సాక్షిగా, ఆ తర్వాత మీరు ఆర్.డబ్ల్యు.1గా, అంటే ప్రతివాది వైపు మొదటి సాక్షిగా, చెప్పదలచుకున్నదంతా రాసిన చీఫ్ అఫిడవిట్లు వేస్తారు, ఒక్కొక్కరినీ ఎదుటి న్యాయవాది క్రాస్ చేస్తారు, అంటే ఎదురు ప్రశ్నలు వేస్తారు. మీరు భయపడుతున్నది దీనికే. కానీ ఇది అందరి ముందూ జరగదు. హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఈ విచారణ మూసిన తలుపుల వెనక జరగాలి, వివరాలు ప్రచురిస్తే జరిమానా ఉంది. గదిలో న్యాయమూర్తి, సిబ్బంది, ఇద్దరు న్యాయవాదులు, మీ భర్త ఉంటారు. ఆయన ఉండడమే కష్టమని మీరంటారు, నిజమే.

ప్రశ్నలు మెల్లగా, మర్యాదగానే మొదలవుతాయి. “2022 మేలో మీ అన్నయ్య కారు తెచ్చారు కదమ్మా?” అవునంటారు. “బట్టలన్నీ సర్దుకునే వెళ్లారు కదా?” అవునంటారు. “పాప స్కూలు టీసీ కూడా తీసుకున్నారు కదా?” అదీ అవునే. మూడూ నిజాలే, కానీ మూడూ కలిసి, తిరిగి రాని ఉద్దేశంతోనే వెళ్లారన్న బొమ్మను గీస్తాయి. నాలుగోది అప్పుడు వస్తుంది: “మీ భర్త ఎన్నిసార్లు పిలిచినా మీరు రాలేదని నేనంటున్నాను.” మీరు “పిలవలేదు” అంటే, న్యాయమూర్తి చెబుతుండగా టైపిస్టు దాన్ని “ఆయన పిలిచినా నేను వెళ్లలేదనడం నిజం కాదు” అనే ధోరణిలో, చాలాచోట్ల ఇంగ్లిషులోనే కొడతారు. అడిగినదానికే జవాబు చెప్పండి, గుర్తు లేనిది గుర్తు లేదనండి, ఏడుపు వస్తే మంచినీళ్లు అడగండి. వాంగ్మూలం కింద సంతకం చేసే ముందు ఏం రాశారో తెలుగులో చెప్పించుకోండి, ఆపై సంతకం చేయండి. పిల్ల జ్వరంగా ఉన్న రాత్రి ఇంట్లోంచి బయటికి పొమ్మన్నారన్న సంగతో, అలాంటి మరొకటో, బట్టలు సర్దుకోవడానికి అసలు కారణం ఏదైనా ఉంటే అది మీ చీఫ్ అఫిడవిట్‌లో ముందే ఉండి తీరాలి. క్రాస్‌లో కొత్తగా చెబితే అప్పుడే అల్లారంటారు.

ఫోను పారేయవద్దు, మార్చవద్దు, మెసేజీలు తుడిచేయవద్దు. వాట్సాప్ సందేశాలు సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి, దానికి అసలు ఫోను ఉంటే పని సులువవుతుంది. భార్యాభర్తల్లో ఒకరు రహస్యంగా రికార్డు చేసిన సంభాషణలను విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు కోపంలో అన్న మాట ఏదైనా ఆయన దగ్గర ఉండవచ్చు. ఇకమీదట ఫోనులో ఆయనతో గానీ అత్తగారితో గానీ మాట్లాడేటప్పుడు ఆ ఎరుకతో మాట్లాడండి.

డబ్బు విషయంలో ఆలస్యం చేయకండి. ఆయన వేసిన కేసులోనే హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద మధ్యంతర మనోవర్తి, కేసు ఖర్చులు అడగవచ్చు. దాన్ని వీలైనంతవరకు 60 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది, కానీ మామూలుగా అంత త్వరగా తేలదు. అయితే 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం మనోవర్తి దరఖాస్తు వేసిన తేదీ నుంచే ఇవ్వాలి. అంటే మీరు వేయకుండా ఊరుకున్న ప్రతి నెలా పోయినట్టే. ఆ తీర్పు ప్రకారమే ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం అఫిడవిట్ మీద వెల్లడించాలి. మీ 14 వేల జీతం దాచకండి. సంపాదిస్తున్నంత మాత్రాన మనోవర్తి రాకుండా పోదు, కానీ దాచినట్టు ఒకసారి బయటపడితే మీ మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది.

బంగారానికి జాబితా రాయండి. కాసుల్లో కాదు, గ్రాముల్లో. మీ వైపు కాసు అంటే 8 గ్రాములు, హైదరాబాద్‌లో తులాల లెక్క, ఆ తులం కూడా ఒకరికి 10 గ్రాములు, ఒకరికి 11.66. ఈ తేడా మీదే సగం వాయిదా గడిచిపోయిన కేసులున్నాయి. మీ పాతిక కాసులు 200 గ్రాములు. ఏ వస్తువు ఎంత, బిల్లు ఉందా, పెళ్లి ఫొటోలో ఎక్కడ కనిపిస్తుంది, అమ్మ పెట్టిందా అత్తగారు పెట్టిందా అన్నది వరుసగా రాసి, ఆ ఫొటోల ప్రతులు జతచేయండి.

పాపను రేపు వచ్చి ఎవరూ ఎత్తుకుపోరు. కస్టడీకి ఆయన విడిగా దరఖాస్తు వేయాలి. గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద వేసేటట్టయితే పాప మామూలుగా నివసిస్తున్న చోటే, అంటే మీ జిల్లాలోనే వేయాలి. తండ్రి సంపాదన ఎక్కువన్నది ఒక్కటే నిర్ణయించదు, బిడ్డ క్షేమమే గీటురాయి. మూడేళ్లకు పైగా మీ దగ్గర పెరుగుతూ, అక్కడే చదువుకుంటున్న పిల్లను కదిలించడానికి కోర్టులు తేలికగా ఒప్పుకోవు. కానీ చూడడానికి తండ్రికి అవకాశం ఇస్తారు, ఇవ్వాలి కూడా. దాన్ని అడ్డుకోకండి. న్యాయమూర్తి పాపను ఛాంబర్‌కు పిలిచి మాట్లాడవచ్చు. ఏం చెప్పాలో మీరు నేర్పి పంపితే, ఏడేళ్ల పిల్ల మూడో ప్రశ్నకే ‘అమ్మ చెప్పమంది’ అనేస్తుంది.

మీ అన్నయ్య సలహా మీ మీద ప్రేమతో ఇచ్చినదే. అయినా నేను ఒప్పుకోను. మీరు చెప్పే సంఘటనలు 2022 వేసవికి ముందువి కనుక కొత్త శిక్షాస్మృతి కాక పాత ఐపీసీలోని 498ఏ కిందికే వస్తాయి. ఫిర్యాదు ఇవ్వగానే అరెస్టు చేయరాదని 2014లోనే సుప్రీంకోర్టు పోలీసులను కట్టడి చేసింది. ముందు నోటీసు ఇస్తారు, కౌన్సెలింగ్ అంటారు, ఏళ్లు గడుస్తాయి. నిజంగా కొట్టి ఉంటే, కట్నం కోసం హింసించి ఉంటే, జరిగింది కాబట్టి ఫిర్యాదు ఇవ్వండి, చేసినవారి మీదే ఇవ్వండి. దారికి తేవడానికని ఆడపడుచునూ ఆమె భర్తనూ కూడా చేర్చి ఇస్తే, అది రేపు విడాకుల కేసులో ఆయన చేతికి ఎగ్జిబిట్, అంటే సాక్ష్యపు కాగితం, అవుతుంది.

పది లక్షల మాటకు వస్తే, బ్యాంకులో ఏడు శాతం వడ్డీకి వేసుకున్నా నెలకు ఆరు వేలు కూడా చేతికి రాదు. అందులోంచే పాప చదువూ పెళ్లీ అనుకుంటున్నారేమో వాళ్లు. పాప పోషణ హక్కు పాపది, దాన్ని మీ సంతకంతో వదిలించుకోలేరు. అయినా రాజీ అనే ఆలోచనను కొట్టిపారేయవద్దు, ఆ పది లక్షల అంకెనే కొట్టిపారేయండి. కేసు ఏ దశలో ఉన్నా ఇద్దరూ ఒప్పుకుంటే దాన్ని పరస్పర అంగీకార విడాకులుగా మార్చుకోవచ్చు. అప్పుడుండే ఆరు నెలల నిరీక్షణను తగిన సందర్భంలో కోర్టు తీసేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అలా చేస్తే ఒప్పందంలో బంగారం గ్రాములతో సహా ఉండాలి, పాప పేర డిపాజిట్ వేరుగా ఉండాలి, చివరి వాంగ్మూలం నాటికి డీడీ కోర్టులో కనిపించాలి. పెద్దమనుషులు స్టాంపు కాగితం తెచ్చి సంతకం అడిగితే మాత్రం పెట్టకండి. ఆచారం ఉన్నట్టు రుజువు చేయగల కొన్ని కులాల్లో తప్ప, ఆ కాగితంతో విడాకులు రావు. మీరే ఇష్టపడి వెళ్లిపోయారనడానికి మాత్రం అది బాగా పనికొస్తుంది.

ఎన్నాళ్లు అని అడిగారు. ఆరు నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలని చట్టంలో రాసి ఉంది. మూడు నాలుగేళ్లు, అప్పీలుతో కలిపి ఇంకొన్ని ఏళ్లు అనుకుని మీ ఉద్యోగం, బీఈడీ లాంటివి ఏవైనా ఉంటే వాటిని ప్లాను చేసుకోండి. తీర్పు మీకు వ్యతిరేకంగా వస్తే ఆ రోజే కాపీకి దరఖాస్తు పెట్టించండి, అప్పీలు గడువు తీర్పు వచ్చిన రోజు నుంచే నడుస్తుంది.

12వ తేదీ ఉదయం 10 గంటలకల్లా కోర్టు హాలు దగ్గర ఉండండి. పదిన్నరకు కాల్ వర్క్ మొదలవుతుంది, అటెండర్ గుమ్మం దగ్గర నిలబడి పేర్లు మూడుసార్లు పిలుస్తాడు. టీకి వెళ్లి ఆ మూడు పిలుపులూ పోగొట్టుకున్నవారిని చూశాను. గుమ్మానికి అంటించిన కాగితాలు, ఆధార్, పెళ్లి ఫొటోలు రెండు, స్కూలు జీతం స్లిప్పులు సంచిలో పెట్టుకోండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు తెరిస్తే కనిపించే 16 అక్షరాలు, అంకెల సీఎన్ఆర్ నంబరు, అంటే మీ కేసు గుర్తింపు నంబరు, రాసి పెట్టుకోండి, తర్వాతి వాయిదా ఎప్పుడో అందులోనే తెలుస్తుంది. తోడుగా మీ నాన్నగారిని తీసుకెళ్లండి, కవరు తిప్పి పంపినందుకు ఆయనను ఏమీ అనకండి. అన్నయ్యను ఈసారికి ఇంట్లోనే ఉండమనండి. పాపను మాత్రం ఆ రోజు స్కూలుకే పంపండి.